పోటీ పరీక్షల ప్రత్యేకం: నగరాల్లో అంటువ్యాధుల నియంత్రణ

74వ రాజ్యాంగ సవరణ (1992) ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. అందుకే నగరాల్లో ఈ బాధ్యత ప్రధానంగా కార్పొరేషన్లది.

నిఘా: 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో మూడు ఫారాలుండేవి. అనుమానిత కేసులను ఆరోగ్య కార్యకర్తలు 'ఎస్'లో, వైద్యులు గుర్తించినవాటిని 'పి'లో, ల్యాబ్ నిర్ధారించినవాటిని 'ఎల్'లో నమోదు చేసేవారు.

దోమలు: డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ పగలు కుడుతుంది. పూలకుండీ పళ్లెం, కూలర్ అడుగు, పాత టైరులో నిలిచిన మంచినీరే దానికి నెలవు. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నిల్వ నీటిని పారబోసే 'డ్రై డే' పాటించమనేది ఇందుకే. గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి తొట్టి గోడలనూ రుద్ది కడగాలి. చెరువులు, బావుల్లో దోమ లార్వాలను తినే గంబూషియా చేపలను వదులుతారు.

నీరు: కలరా, టైఫాయిడ్ నివారణకు కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. అవశేష క్లోరిన్ ఉండాలి.

చట్టం: బొంబాయి ప్లేగు నేపథ్యంలో 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది.

గుర్తుంచుకోండి: అదే ఏడాది ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. ఏటా ఆ రోజే ప్రపంచ దోమల దినం.