మత్తుకు ముందు మజ్జిగ

మా నాయనకు ఎండోస్కోపీకి మత్తు ఇస్తామనీ, రాత్రినుంచీ ఏమీ ముట్టొద్దనీ చెప్పారు. పొలం మనిషి కదా, తెల్లారకముందే గ్లాసెడు మజ్జిగ తాగేశాడు. నర్సమ్మ అడిగితే "ఏం తాగలేదమ్మా" అన్నాడు. నేను నిజం చెప్పేశాను.

ఆ మందు మిడజోలం. నొప్పిని తగ్గించదు, మెదడులో గాబా అనే రసాయనానికి బలమిచ్చి అలజడిని అణచుతుంది, జరిగినది గుర్తుండనీయదు. ఆంప్యూల్‌లోని ఆమ్లద్రావణంలో దాని వలయం తెరచుకొని నీటిలో కరుగుతుంది, రక్తంలో, పి.హెచ్. 7.4 వద్ద, మూసుకొని కొవ్వులో కరిగేదై మెదడుకు చేరుతుంది. ముచ్చటైన కెమిస్ట్రీ! అయితే గొంతు కాపలా కూడా మందగిస్తుంది. కడుపులోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అందుకే మంచినీళ్ళకు 2 గంటలు, పాలకు 6 గంటలు ఎడముండాలి. మజ్జిగా పాలకిందే లెక్క.

పరీక్ష మధ్యాహ్నం జరిగింది. సాయంత్రందాకా నాయన నాతో మాట్లాడలేదు. బస్సెక్కాక మాత్రం, "ఇంతకీ గొట్టం ఎప్పుడు వేశార్రా?" అన్నాడు.