సందేహాలు – సమాధానాలు: దేవునికి అప్పగించాక మన వంతు ఏమిటి?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మా అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఇక్కడున్నప్పుడు సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పేవాడు. అక్కడికి వెళ్లాక మందిరానికి పోవడం మానేశాడు. రోజూ పొద్దున, రాత్రి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే వాడి రూమ్మేట్‌కి చేసి అడుగుతాను. శుక్రవారం ఉపవాసం ఉండి, వీణ్ణి నీకు అప్పగించాను ప్రభువా అని ఏడుస్తాను. మోకాళ్ల మీద నుంచి లేవగానే మళ్లీ ఫోన్ పట్టుకుంటాను. ఈమధ్య వాడు ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. వదిలేస్తే తల్లిగా నా బాధ్యత తప్పినట్టు కాదా?
– ఓ తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య చాలామంది తల్లులు రాస్తున్నారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆదికాండంలో రిబ్కా కథ మరోసారి చదవండి. కవలలు ఇంకా కడుపులో ఉండగానే, పెద్దవాడు చిన్నవాడికి లోబడతాడని దేవుడు ఆమెకే చెప్పాడు. అంత స్పష్టమైన మాట విన్న తల్లి ఎలాంటి చింతా లేకుండా ఉండాలి కదా. కానీ ఇస్సాకు పెద్దకొడుకును దీవించబోతున్నాడని తెలియగానే, దేవుడు చెప్పింది జరగదేమోనన్న భయం ఆమెను పట్టుకుంది. మేకపిల్లల తోళ్లు తెచ్చి యాకోబు చేతులకు, మెడకు కట్టింది. చూపు పోయిన భర్తను మోసగించమని కన్నకొడుకును లోపలికి పంపింది. అనుకున్నది సాధించింది. దీవెన యాకోబుకే వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడదు. ఏశావు కోపం చల్లారేదాకా కొన్నాళ్లు వెళ్లి ఉండమని ఆమె యాకోబును హారానులోని తన అన్న ఇంటికి పంపింది. ఆ కొన్నాళ్లు ఇరవై ఏళ్లయ్యాయి. యాకోబు తిరిగొచ్చినప్పుడు తల్లిని చూశాడని లేఖనంలో ఎక్కడా లేదు. రిబ్కా దాది దెబోరా చనిపోవడం రాసి ఉంది, రిబ్కా మరణం గురించి మాత్రం లేదు. ఆమెను మక్పేలా గుహలో పాతిపెట్టారని యాకోబు తన ఆఖరి ఘడియల్లో చెప్పిన మాట ఒక్కటే ఉంది. ఆమె కోరుకున్నది మంచిదే, దేవుడు ఇస్తానన్నదే. దాన్ని తన చేతులతో లాక్కోవాలని చూసినందుకు ఆ కొడుకు ముఖమే ఆమెకు దూరమైంది. రిబ్కా ప్రేమలేని తల్లి కాదమ్మా, మీరూ కారు.

లూకా 15లోని తండ్రిని చూడండి. చిన్నకొడుకు ఆస్తి పట్టుకుని పోతుంటే అతని వెనక ఏ దాసుణ్ణీ కాపలా పంపలేదు. అయినా కొడుకు ఇంకా దూరంలో ఉండగానే ఆయన కంటబడ్డాడు, ఆయన పరుగెత్తాడు. వదలడం అంటే పట్టించుకోకపోవడం అని మనం పొరబడతాం. ఆ తండ్రి కొడుకు మీద ఆశ ఒక్క పూట కూడా వదల్లేదు, కొడుకు ఇష్టాన్ని మాత్రం తన గుప్పిట్లో పెట్టుకోలేదు.

కాబట్టి ఇలా చేయండి. రూమ్మేట్‌కి ఫోన్ చేయడం ఈరోజే ఆపండి. ఆ పిల్లవాడిని మీ అబ్బాయి మీద నిఘాకు పెట్టినట్టవుతోంది. ఫోన్ వారానికి రెండుసార్లు, అబ్బాయికి వీలైన వేళ చాలు. మందిరానికి వెళ్లావా అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఏం తిన్నాడో, చదువు ఎలా ఉందో, పార్ట్‌టైమ్ పనిలో అలసిపోతున్నాడేమో అడగండి. ఏదైనా చెప్పుకుంటే వెంటనే వాక్యం చెప్పకుండా పూర్తిగా వినండి. మీ మనసులోని బాధ ఒక్కసారి, కోపం లేకుండా చెప్పండి. మళ్లీ మళ్లీ చెప్పకండి. శుక్రవారపు ఉపవాసం మాత్రం ఆపకండి. అక్కడ మీరు ఎంతసేపు ఏడ్చినా అడ్డు లేదు.

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. రాత్రి ప్రార్థనలో ఫలితం దేవునికి వదిలేసి పడుకుంటాను. తెల్లారేసరికి అదే గుబులు. నా విశ్వాసం అబద్ధమా అయ్యగారూ?
– ఓ యువకుడు, ఖమ్మం

జవాబు: అబద్ధం కాదు తమ్ముడూ. గెత్సేమనేలో మన ప్రభువే తండ్రి చిత్తానికి తన్ను అప్పగించుకుంటూ ఒకే ప్రార్థన మూడుసార్లు చేశాడని మత్తయి రాశాడు. మధ్యలో లేచి శిష్యుల దగ్గరికి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పాపం లేనివాడికే ఒక్కసారితో ముగియనిది నీకు ఒక్క రాత్రిలో ఎలా ముగుస్తుంది? గుబులు వచ్చిన ప్రతిసారీ మళ్లీ అప్పగించు. అలా మళ్లీ మళ్లీ అప్పగించడమే విశ్వాసం. సిలబస్ మాత్రం దేవునికి వదిలేయకు, చదవాల్సింది నువ్వే. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం తగ్గకపోయినా డాక్టర్‌ను కలువు. దానివల్ల నీ ప్రార్థనకు లోటేమీ రాదు.

ప్రశ్న: పల్లెలో చాలా ఏళ్లుగా సేవ చేస్తున్నాను. సంఘం పెరగడం లేదు. పాటలు, సండే స్కూల్, లెక్కలు, ఇళ్ల దర్శనాలు అన్నీ నేనే చూసుకుంటాను. ఎవరికైనా అప్పజెబితే పాడుచేస్తారని భయం. అలసిపోయాను.
– ఓ సేవకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, మీ జిల్లా చరిత్రలోనే మీకు జవాబు ఉంది. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎన్నో ఏళ్లు కష్టపడినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. దాన్ని మూసేద్దామని అమెరికాలో చర్చ కూడా జరిగింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఆ మిషన్ సేవకులైన లైమన్ జువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, వచ్చి ఒంగోలులో స్థిరపడింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు.

ఇక 1876–78 కరువు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం కోసం జనం గుంపులుగా వచ్చారు. అన్నం కోసం వస్తున్నారేమోనని కరువు రోజుల్లో ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ పనులు ముగిశాక కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకె చూసి మీరు కుంగిపోకండి, దాన్ని మీకు కొలతగా చెప్పడం లేదు. దానికి ముందు ఆయన చేసింది చూడండి. కాలువ తవ్వించడం, కూలి లెక్కలు చూడటం తన పనిగా ఎంచి ఒళ్లు వంచి చేశాడు. సంఖ్యను మాత్రం వద్దనుకోగలిగాడు. మీరు అందుకు భిన్నంగా, సంఖ్య భారమంతా నెత్తిన పెట్టుకున్నారు, పంచగలిగిన పనిని పంచడం లేదు. నిర్గమకాండం 18లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతూ కూర్చున్న మోషేతో మామ యిత్రో, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. వచ్చే ఆదివారం సండే స్కూల్ ఒక చెల్లెమ్మకు, కానుకల లెక్కలు ఇద్దరు పెద్దలకు అప్పజెప్పండి. తప్పులు జరుగుతాయి, జరగనివ్వండి. నేర్చుకునేది అలాగే.

ప్రశ్న: నా భర్త తాగి కొడతాడు. పెద్దలకు చెబితే, అంతా దేవునికి అప్పగించి ఓర్చుకోమన్నారు. ఎంతకాలం?
– ఓ సహోదరి

జవాబు: అమ్మా, ఓర్చుకోవద్దు. దేవునికి అప్పగించడం అంటే దెబ్బలకు ఒళ్లు అప్పగించడం అని బైబిల్లో ఎక్కడా లేదు. మీకు ఆ మాట చెప్పినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా తప్పు చెప్పారు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకున్నాడు, ఆ రాత్రే పారిపోయాడు. రాజు మీద చెయ్యి ఎత్తలేదు, పగ దేవునికే వదిలాడు, కానీ ఈటెకు అందేంత దూరంలో ఉండిపోలేదు. దమస్కులో పౌలును చంపాలని చూస్తే విశ్వాసులు గంపలో పెట్టి గోడ మీద నుంచి దించేశారు. అలా దించిన చేతుల్లా ఉండాలి సంఘం.

మీ భర్త మారడం మీ చేతిలో లేదు. అదీ దేవునికి అప్పగించాల్సింది. మీరు, పిల్లలు క్షేమంగా ఉండటానికి చేయాల్సినవి మీ చేతిలో ఉన్నాయి. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేయండి. సలహాకు, ఆశ్రయానికి మహిళల హెల్ప్‌లైన్ 181. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు, అదే ఇంట్లో ఉండే హక్కూ అడగవచ్చు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు నమ్మకమైన వాళ్ల దగ్గర ముందే ఉంచండి. దెబ్బ తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, ఎవరు కొట్టారో ఉన్నది ఉన్నట్టు రాయించండి. అతను మారానని చెప్పి పిలిచినా, తాగుడుకు వైద్యం చేయించుకుని కొన్నాళ్లు నిలబడ్డాడని మీరు నమ్మిన మరొకరు కూడా చెప్పేదాకా తిరిగి వెళ్లకండి. ఈ ఉత్తరం మీ సంఘ కాపరికి చూపించండి, ఆయన నాతో మాట్లాడాలనుకుంటే పత్రిక ద్వారా రాయమనండి.