కవల బిడ్డలున్న యింట క్రిస్మస్ దినములు

గృహ పాఠము
చదువవలసిన భాగములు: ఆది. 25:19–34; ఆది. 38:27–30, నిర్గమ. 17:8–13, లూకా 2:1–40



డిసెంబరు నెల వచ్చినది. మన కొత్తకోట ప్రాంతమున వరి కోతలు ముగిసినను పత్తి యేరుట ఇంకను సాగుచునే యుండును. అయినను ఇండ్లకు సున్నము వేయుదురు, గుమ్మములకు నక్షత్రములు కట్టుదురు. హైదరాబాదుకును ముంబయికిని పనులకు పోయినవారు పిల్లలతో సహా ఊరు చేరుదురు. రాత్రులయందు పాటల గుంపు డప్పులతోను హార్మోనియముతోను ఇల్లిల్లు తిరుగును. గరిజెలు, సకినాలు చేయుటలో స్త్రీలకు తీరిక యుండదు. ఇది సంతోష కాలమే.

అయితే రెండు మూడు నెలలైనను నిండని కవల బిడ్డలున్న యింట ఈ దినములు వేరుగా నుండును. అట్టి తల్లులు మమ్మును అడుగుచుందురు: “అయ్యగారూ, పండుగనాడు ఇద్దరిని గుడికి తీసుకరాకుంటే తప్పా?” అత్తలు అడుగుదురు: “వచ్చినోళ్ళకు వండాలెనా, పిల్లల్ని పట్టుకోవాలెనా, నేనొక్కదాన్నేం చేయాలె అయ్యగారూ?” ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. వీటికి ఉత్తరముగా ఈ నెల పాఠమును వ్రాయుచున్నాము. మేము చెప్పదలచిన సంగతి ఒక్కటే. కవలలున్న యింట పండుగ చేయుటయనగా, ఆ తల్లికి వెచ్చదనమును నిద్రను సహాయము చేయు చేతులను సమకూర్చుట, ఆ బిడ్డలిద్దరిని ఇద్దరుగా ఎంచుట.

1. కవలలు ఎట్లు కలుగుదురు?

జంట అరటిపండు తినిన స్త్రీకి కవలలు పుట్టుదురని మన ఊళ్ళలో ఇప్పటికిని అనుకొందురు. అది నిజము కాదు. ఫలించిన ఒకే అండము రెండుగా చీలిన యెడల ఒకే పోలికగల కవలలు కలుగుదురు. రెండు అండములు వేరువేరుగా ఫలించిన యెడల వేరు పోలికల వారు కలుగుదురు. వీరిలో ఒకరు ఆడ, ఒకరు మగ కావచ్చును. ఏశావు ఎఱ్ఱగా, ఒడలెల్ల రోమములతో పుట్టెను, యాకోబు అట్లుండలేదు. 2021లో ప్రచురించిన లెక్క ప్రకారము లోకమందు ఏటేట సుమారు 16 లక్షల కవల జంటలు పుట్టుచున్నవి. అనగా పుట్టుచున్న ప్రతి 42 మందిలో ఒకరు కవల బిడ్డయే.

కాబట్టి కవలలు పుట్టుట దోషమును కాదు, వింతయును కాదు. ఇద్దరును ఆడపిల్లలైన యెడల తల్లిని నిందించుట మరియు అన్యాయము. బిడ్డ ఆడో మగో అగుట తండ్రి బీజమునుబట్టియే జరుగును. ఈ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పవలెను.

2. చలి నుండి కాపుదల

కవలలలో అనేకులు నెలలు నిండకమునుపే పుట్టుదురు. అనేకుల బరువు రెండున్నర కిలోలకు లోపుగా నుండును. ఇట్టి బిడ్డ చర్మము క్రింద కొవ్వు కొంచెమే యుండును గనుక వంటి వేడిమి త్వరగా పోవును. త్రాగిన పాల బలమంతయు ఒళ్ళు వెచ్చగా నుంచుకొనుటకే ఖర్చగును, ఎదుగుటకు మిగులదు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున మన మెట్ట నేలమీద ఎంత చలి యుండునో మీరెరుగుదురు.

దీనికి ధనముతో పనిలేని ఉపాయము ఒకటి కలదు. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున బొగోటా నగరపు ఆసుపత్రిలో శిశువులను వెచ్చగా నుంచు పెట్టెలు చాలక, 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు చిన్న బిడ్డలను తల్లి రొమ్మునకే కట్టించి కాపాడుట మొదలుపెట్టెను. దీనిని కంగారు తల్లి సంరక్షణ అందురు. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, లంగోటి మాత్రమే తొడిగి, తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా ఆనించవలెను. ముఖము ఒక ప్రక్కకు తిప్పి, ముక్కును నోరును కనబడునట్లు ఉంచి, పైన మెత్తని వస్త్రముతో కట్టవలెను. భారతదేశముతో సహా అయిదు దేశములలో చేసిన పరిశోధన ఫలితము 2021లో వచ్చినది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే దీనిని మొదలుపెట్టినప్పుడు, కొంత నిలదొక్కుకొనిన తరువాత మొదలుపెట్టుటకంటె మొదటి నెల మరణములు నాలుగవ వంతు తగ్గినవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు 8 మొదలు 24 గంటల వరకు ఇట్లు చేయవలెనని సలహా యిచ్చెను.

కవలలైనప్పుడు తల్లి రొమ్మున ఒకరు, తండ్రి రొమ్మున ఒకరు ఉండవచ్చును. నాయనమ్మ, అమ్మమ్మ కూడ చేయవచ్చును. పని నిమిత్తము పట్నమందుండి పండుగకు పది దినములు ఇంటికి వచ్చిన తండ్రికి ఇంతకంటె మంచి పని ఏమున్నది? సంవత్సరమంతయు దూరముగా నున్నను, ఆ పది దినములు బిడ్డ తన గుండె చప్పుడు వినును.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును. సాంబ్రాణి పొగ వేయరాదు. గొంగడి ముఖము మీదికి కప్పరాదు. పడుకోబెట్టునప్పుడు ఇద్దరిని వేరువేరు పక్కలమీద వెల్లకిల పడుకోబెట్టవలెను. బహు చిన్న బిడ్డకు నిత్యము నీళ్ళు పోయుటకంటె, డాక్టరు చెప్పువరకు గోరువెచ్చని గుడ్డతో తుడుచుట మేలు.

3. పాలును, ఎఱ్ఱ దారమును

పసిబిడ్డకు రాత్రింబగళ్ళలో 8 మొదలు 12 సార్లు పాలియ్యవలెను. ఇద్దరికి కలిపి 16 మొదలు 24 సార్లు. సారికి పావు గంట చొప్పుననే లెక్కించినను, నాలుగు మొదలు ఆరు గంటలు ఆ తల్లి పాలిచ్చుటకే కూర్చుండవలెను. ఈ లెక్కను ఇంటి పెద్దలు, ముఖ్యముగా పురుషులు, ఒకసారి నోటితో చెప్పుకొని చూడవలెను. “ఇంట్లో కూర్చున్నదే గదా” అని ఎవరును అనరు.

ఇద్దరికి పాలు చాలునా అని అనేకులు భయపడుదురు. బిడ్డలు చప్పరించు కొలది పాలు పడును. ఇద్దరు త్రాగిన యెడల ఇద్దరికి తగినట్లు పడుట సాధారణము. బలహీనముగా నుండి చప్పరించలేని బిడ్డకు తల్లి పాలనే పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవలెను. సీసా వద్దు. ఆరు నెలల వరకు తేనె, ఆముదము, నీళ్ళు ఏవియు అక్కరలేదు. ప్రతి బిడ్డ దినమునకు ఆరుసార్లైనను మూత్రము పోసి, బరువు పెరుగుచున్న యెడల పాలు చాలుచున్నవని తెలిసికొనవలెను. చాలకున్న యెడల ఆసుపత్రిలో అడుగవలెను.

ఇక్కడ తామారు ప్రసవమును జ్ఞాపకము చేసికొనుడి. కవలలలో ఒకడు చెయ్యి చాపగా, ఎవరు ముందో తెలియుటకై మంత్రసాని ఆ చేతికి ఎఱ్ఱని దారము కట్టినది. ఎంత తెలివిగల మంత్రసాని! ఇద్దరు ఒక్కరుగా కలిసిపోకుండ ఆమె జాగ్రత్త పడినది. మన యిండ్లలోను గట్టిగా ఏడ్చు బిడ్డకు ముందుగా పాలు దొరకును. నోరులేని బిడ్డ నిద్రపోవుచున్నదని విడిచిపెట్టుదురు. అయితే ఆ నిద్ర నీరసము కావచ్చును. గనుక తలుపుమీద సుద్దతో రెండు గీతల వరుసలు పెట్టి, ఎవరెన్నిసార్లు త్రాగిరో గుర్తు వేయుడి. చదువురాని అవ్వ కూడ ఈ లెక్క చూడగలదు.

4. మోషే చేతులు

అమాలేకీయులతో యుద్ధము జరుగునప్పుడు మోషే చేతులు బరువెక్కగా, అహరోనును హూరును ఆయనను రాతిమీద కూర్చుండబెట్టి, చెరియొక ప్రక్కను చేతులు పట్టుకొనిరి. ప్రొద్దు గ్రుంకువరకు అవి దిగిపోలేదు. వారు కత్తి పట్టలేదు. అయినను ఆ దినపు జయమునకు వారి పట్టు అవసరమాయెను.

కవలల తల్లికి రెండు చేతులే యున్నవి, రెండును నిండియున్నవి. కాబట్టి స్త్రీల సమాజమువారు పండుగకు ముందే కూర్చుండి వంతులు వేసికొనవలెను. ఒక యింటినుండి పగటి భోజనము, మరియొక యింటినుండి రాత్రి భోజనము. రొట్టె, పప్పు, ఆకుకూర చాలును. ఒకరు గుడ్డలు ఉతుకవలెను, ఒకరు నీళ్ళు తేవలెను. రాత్రి పాలిచ్చిన తరువాత రెండు గంటలైనను తల్లి వరుసగా నిద్రపోవునట్లు ఎవరైనను బిడ్డలను ఎత్తుకొనవలెను. ఇది పరిచర్య కాదని యెవరు చెప్పగలరు? మిషను డాక్టరమ్మ కాథరీన షెల్లెన్‌బర్గ్ గారు 1907లో మన దేశమునకు వచ్చి, 1945లో మరణించువరకు వైద్యసేవ చేసిరి. ఆమె పరిచర్యయు రోగుల మంచముల యొద్దనే జరిగినది.

బడి సెలవులు గనుక పెద్దపిల్లలు ఇంటనే యుందురు. వారిచేత నీళ్ళు, గుడ్డలు అందింపించవచ్చును. పసిబిడ్డలను వారి మీదనే విడిచి పెద్దలు పోరాదు.

5. చూడవచ్చినవారు

గొఱ్ఱెల కాపరులు బేత్లెహేమునకు త్వరగా వచ్చిరి, శిశువును చూచిరి, దేవుని మహిమపరచుచు తిరిగి వెళ్ళిరి. వెళ్ళిరి అను సంగతిని మనము గమనింపము. బాలింత యింట వారు విందు కోరినట్లు వ్రాయబడలేదు.

మనమును అట్లే చేయుదము. దగ్గు, పడిసెము, జ్వరము గలవారు గుమ్మమునుండియే దీవించవలెను. పట్నమునుండి బస్సుదిగి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుగుకొననిదే బిడ్డలను తాకరాదు. ముద్దు పెట్టరాదు. పాటల గుంపువారు ఆ యింటి ముందు డప్పును మైకును ఆపి, మెల్లగా ఒక పాట పాడి సాగిపోవలెను. ఆ వాకిట టపాసులు వద్దు.

ఇక గుడికి తేవలెనా అను ప్రశ్న. బేత్లెహేమునుండి యెరూషలేము సుమారు 9 కిలోమీటర్లే. అయినను మరియమ్మ తన శుద్ధి దినములు గడచిన తరువాతనే శిశువును ఆలయమునకు తీసికొనిపోయినది. లేవీయకాండము 12వ అధ్యాయము ప్రకారము మగశిశువు విషయమై అవి 40 దినములు. మనము ఆ ధర్మశాస్త్రము క్రింద లేము; అయినను బాలింత ఇంటనుండుట భక్తిలేమి కాదని దీనివలన తెలియుచున్నది. కాబట్టి తల్లులారా, క్రిస్మస్ రాత్రియు, డిసెంబరు 31 రాత్రియు చలిలో బిడ్డలను తేనక్కరలేదు. ప్రతిష్ఠ చలి తగ్గిన తరువాత చేయవచ్చును. సంఘ పెద్దలే మీ యింటికి వచ్చి, క్లుప్తముగా ప్రార్థించి వెళ్ళుదురు.

6. ఇద్దరిలో ఎవరు ఎక్కువ?

ఇస్సాకు ఏశావును ప్రేమించెను, రిబ్కా యాకోబును ప్రేమించెను. ఒక గుడారములో రెండు పక్షములు ఏర్పడెను. ఆ చీలిక ముదిరి, అన్న తమ్ముని చంపజూచువరకు వచ్చెను. దాని విత్తనము తల్లిదండ్రుల మనస్సులోనే పడినది.

మనము ఆ విత్తనమును ఉయ్యాలలోనే చల్లుచున్నాము. “వీడు బలంగున్నడు, అది బక్కగున్నది” అందురు. “ఈమె తెల్లగున్నది, ఆమె నల్లగున్నది” అందురు. పిల్లవానికి పట్టుచొక్కా తెచ్చి, వాని తోడబుట్టిన ఆడబిడ్డకు పాతగుడ్డ చుట్టుదురు. వానికి జ్వరము వచ్చిన యెడల వనపర్తికి తీసికొనిపోదురు. ఆమెకు వచ్చిన యెడల రేపు చూతమందురు. ఆ “రేపు” వలన ప్రాణము పోవచ్చును. దిదుమ అనబడిన తోమా పేరునకు కవల అనియే అర్థము. కాని ఆయన తోబుట్టువు ఎవరో లేఖనము చెప్పలేదు. ఎవరితోను పోల్చక, ప్రభువు ఆయనను ఆయనగానే పిలిచెను. మీ బిడ్డలను కూడ “కవలలు” అని కాక, ఎవరి పేరుతో వారిని పిలువుడి.

7. పండుగ అని ఆలస్యము చేయరాని పనులు

బిడ్డ పాలు త్రాగక పోయినను, ఒళ్ళు చల్లబడినను, జ్వరము వచ్చినను, మూర్ఛ వచ్చినను, అరచేతులు అరికాళ్ళు పసుపుపచ్చగా మారినను, ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి పోయినను, రెండు నెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు లేక అంతకు ఎక్కువ ఊపిరి తీసినను, వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆరాధన ముగియువరకు ఆగవద్దు. ఒక బిడ్డకే జబ్బు చేసినను రెండవ బిడ్డను కూడ చూపించుడి. ఒకే గాలి, ఒకే పక్క గనుక ఒకరి జబ్బు మరియొకరికి అంటును. అది దిష్టి కాదు.

ఆరు, పది, పదునాలుగు వారముల టీకాలు పుట్టిన తేదీనిబట్టి వేయించవలెను. బక్కగా నున్నారని వాయిదా వేయరాదు. టీకా దినము పండుగనాడే పడిన యెడల మారు దినమేదో నర్సమ్మను ముందుగా అడిగి తెలిసికొనుడి. ఆసుపత్రి కాన్పు తరువాత ఆశా కార్యకర్త 42 దినములలో ఆరుసార్లు ఇంటికి రావలసియున్నది. ఆమె వచ్చినప్పుడు ఇద్దరిని తూయించుడి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో ఈ చలికాలమున పసిబిడ్డలున్న యిండ్లు ఎన్ని? వారికి అహరోను, హూరు ఎవరు?
2. మన యింట ఏ బిడ్డకు రెండవ వంతు దొరకుచున్నది? ఎందువలన?
3. ఈ క్రిస్మస్‌కు బాలింత యింటికి వెళ్ళునప్పుడు మనము ఏమి తీసికొని వెళ్ళుదుము? ఎంతసేపు కూర్చుందుము?

ప్రార్థన: ఈ నెల కుటుంబ ప్రార్థనలలో పసిబిడ్డల తల్లులను పేరుపేరున జ్ఞాపకము చేసికొనుడి. ప్రార్థించి లేచిన తరువాత, వంతు ప్రకారము అన్నపు గిన్నె పట్టుకొని వారి యింటికి వెళ్ళుడి.