తీరాన తెల్లని రాళ్ళు

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరంలో నార్మండీ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ కోల్‌విల్ గ్రామం దగ్గర, సముద్రం కనిపించే మిట్ట మీద అమెరికా సైనికుల శ్మశానవాటిక ఒకటి ఉన్నది. పచ్చిక నడుమ తెల్లని చలువరాతి శిలువలు బారులు తీరి కనిపిస్తాయి. యూదు సైనికుల సమాధుల మీద శిలువకు బదులు ఆరు కోణాల నక్షత్రం ఉంటుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1940లో జర్మనీ ఫ్రాన్సును ఓడించి ఆక్రమించింది. ఆ దేశాన్ని విడిపించడానికి 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఇంగ్లండు నుంచి వచ్చి నార్మండీలో ఐదు చోట్ల దిగాయి. అందులో ఒక తీరానికి 'ఒమాహా' అని సంకేతనామం. అక్కడ దిగినవారు అమెరికన్లు. ఎదురుగా మిట్ట మీద కాంక్రీటు గదులలో జర్మన్ల మరతుపాకులు పొంచి ఉన్నాయి. మబ్బుల వల్ల విమానాల బాంబులు గురి తప్పి దూరంగా పడ్డాయి. తేలుతూ ఒడ్డు చేరవలసిన టాంకులలో అనేకం అలలకు మునిగిపోయాయి. చాటు లేని ఇసుకలో సైనికులు గుండ్లకు ఎదురు నడిచారు. చీకటి పడేవేళకు మిట్ట మీద కాలు నిలిపారు. కాని ఆ ఒక్కరోజున ఆ ఒక్క తీరంలో చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిసి దాదాపు 2,400 మంది.

చనిపోయినవారిని మొదట తీరం దగ్గరే తాత్కాలికంగా పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక, భౌతికకాయాన్ని స్వదేశానికి తెప్పించుకోవాలో అక్కడే ఉంచాలో నిర్ణయించుకొనే హక్కును కుటుంబాలకు ఇచ్చారు. ఇప్పుడున్న శ్మశానవాటికను 1956లో ప్రతిష్ఠించారు. ఒమాహాలోనూ, తరువాతి పోరాటాలలోనూ మరణించిన 9,380 మందికి పైగా ఇక్కడ ఉన్నారు. 307 సమాధుల మీద పేర్లు లేవు. దొరకనివారి పేర్లు 1,557 ఒక గోడ మీద చెక్కి ఉన్నాయి. తరువాత ఎవరి అవశేషాలైనా దొరికి గుర్తిస్తే, ఆ పేరు పక్కన చిన్న కంచుపువ్వు అమరుస్తారు.

ఈ సమాధులలో పెద్దా చిన్నా తేడా లేదు. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకు, అదే పేరుగల సేనాని ఇక్కడే ఉన్నాడు. 56 ఏళ్ళ వయస్సులో పక్క తీరాన సైనికులతోపాటు దిగి, జూలైలో గుండెపోటుతో మరణించాడు. అత్యున్నత శౌర్యపతకం పొందినందువల్ల ఆయన పేరు బంగారు అక్షరాలలో ఉంది. రాయి మాత్రం సామాన్య సిపాయి రాయి అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో మరణించిన తమ్ముడు క్వెంటిన్ ఆయన పక్కనే ఉన్నాడు. ఇలా 45 జతల అన్నదమ్ములు ఇక్కడ నిద్రిస్తున్నారు.

తెల్లరాతి మీద చెక్కిన అక్షరాలు దూరానికి ఆనవు. అందువల్ల బంధువులు వచ్చినప్పుడు అక్కడి ఉద్యోగులు ఒమాహా తీరపు తడి ఇసుకను అక్షరాలలో అద్దుతారు. పేరు స్పష్టంగా కనిపిస్తుంది. విజయాన్ని చెప్పే చరిత్ర పుస్తకంలో వీరంతా ఒక అంకె మాత్రమే. ఇక్కడ ప్రతి రాయీ ఒక తల్లి కన్న బిడ్డ.

పదాలు – అర్థాలు
మిట్ట : ఎత్తయిన నేల
సంకేతనామం : రహస్యంగా పెట్టిన పేరు
అవశేషాలు : మిగిలిన భాగాలు

ప్రశ్నలు
1. ఒమాహా తీరంలో ప్రాణనష్టం ఎక్కువ కావడానికి కారణాలేమిటి?
2. కంచుపువ్వును ఎప్పుడు అమరుస్తారు?
3. సేనానికీ, సిపాయికీ ఒకే కొలత రాయి పెట్టడంలోని భావాన్ని మీ సొంతమాటలలో రాయండి.