చేపల రైతుల దృష్టిలో గ్రామీణ ఆరోగ్య సేవలు: కొల్లేరు ప్రాంత నేపథ్యంలో అధ్యయన పద్ధతి

ఉపోద్ఘాతం
కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు పరిసరాలలో, ముఖ్యంగా కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో, శీలావతి, బొచ్చె చేపల పెంపకం ప్రధాన జీవనాధారం. విస్తరణ శాస్త్రవేత్తలు ఇంతవరకు మేత, నీటి నాణ్యత, చేపల వ్యాధులపై చూపిన శ్రద్ధను పెంపకందారుల ఆరోగ్యంపై చూపలేదు. ఆరోగ్య సేవలపై వీరి అభిప్రాయాలను సక్రమంగా తెలుసుకొనే మార్గాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

వృత్తిజన్య సమస్యలు
గంటల తరబడి నీటిలో నిలిచి పనిచేయుట వలన కాలివేళ్ల మధ్య పాయుట, శిలీంధ్ర సంబంధ చర్మవ్యాధులు కలుగుతాయి. చేప ముళ్లు గుచ్చుకొన్న గాయాలు నీటిలోని సూక్ష్మజీవుల వలన చీము పడతాయి. సున్నం, బ్లీచింగ్ పొడి చల్లేటప్పుడు కళ్లు, శ్వాసమార్గం దెబ్బతింటాయి. వల లాగుట వలన నడుము నొప్పి సర్వసాధారణం. పాముకాటు, నీట మునుగుట, విద్యుదాఘాతం ప్రాణాంతకాలు.

ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ప్రత్యేకంగా గమనింపదగినది. ఇది సాధారణ జ్వరంలా మొదలై, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపుతో సాగి, కొందరిలో కామెర్లకు, మూత్రపిండాల వైఫల్యానికి దారితీస్తుంది. తొలిదశలో యాంటీబయాటిక్‌లతో నయమవుతుంది. అయితే రోగి తన వృత్తిని చెప్పనిచో, వైద్యుడు అడగనిచో, ఆ తొలిదశ చేజారిపోతుంది.

సేవల చట్రం
మైదాన ప్రాంతాలలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండవలెనన్నది జాతీయ ప్రమాణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్ సేవ 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో ప్రారంభమయ్యాయి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరవలసిన చికిత్సలకు ఉద్దేశించినది. చేపల రైతును తరచుగా బాధించే చర్మవ్యాధి, గాయం, జ్వరం మాత్రం బయటిరోగి చికిత్సకు సంబంధించినవి. ‘పథకం ఉన్నది, కానీ మాకు అక్కరకు రాలేదు’ అన్న తరహా అభిప్రాయానికి ఈ అంతరం ఒక కారణం కావచ్చు.

అభిప్రాయాల మాపనం
పెన్‌చాన్‌స్కీ, థామస్ 1981లో ప్రతిపాదించిన అయిదు అంశాలు ఇట్టి అధ్యయనానికి అనుకూలమైనవి.

1. లభ్యత: వైద్యుడు, మందులు, పాముకాటు విరుగుడు ఉన్నవా?
2. చేరుబాటు: వానాకాలంలో చెరువుగట్టు నుండి రోడ్డుకు చేరుట సాధ్యమా?
3. వేళల అనుకూలత: ఉదయం మేత సంచులు కట్టే సమయం, ఆసుపత్రి వేళలు పొసగుచున్నవా?
4. ఆర్థిక స్తోమత: మందుల ఖర్చుతో పాటు కోల్పోయిన కూలిని లెక్కించితిరా?
5. ఆమోదయోగ్యత: సిబ్బంది వృత్తిని అడిగి, గౌరవంగా మాట్లాడుచున్నారా?

ప్రతి అంశానికి లైకర్ట్ కొలబద్దపై ప్రశ్నలు రూపొందించవచ్చు. అయితే నమూనా ఎంపికలో ఒక లోపం తరచుగా దొర్లుతుంది. చెరువుల జాబితా నుండి పేర్లు తీసుకొన్నచో యజమానులే ఎంపికవుతారు. పట్టణంలో ప్రైవేటు వైద్యం పొందగల యజమాని, కౌలు రైతు, గట్టుపై పాకలో నివసించే కాపలాదారు, పట్టుబడి కూలీ ఒకే సేవను నాలుగు విధాలుగా చూస్తారు. నీటిలో ఎక్కువసేపు ఉండే చివరి ఇద్దరే జాబితాలో కనిపించరు. నలుగురినీ కలిపి తీసిన సగటు, కష్టం ఎక్కువగా ఉన్నవారి మాటను కప్పివేస్తుంది. కావున ఈ నాలుగు వర్గాల నుండి విడివిడిగా నమూనా తీసి, ఫలితాలను విడివిడిగానే నివేదించవలెను.

మరొక అంశం పోలిక. చేపకు జబ్బు చేసినచో ఆక్వా సలహాదారు చెరువుగట్టుకే వచ్చి నీటిని పరీక్షిస్తాడు. రైతు మాత్రం తన జ్వరానికి పని మాని ఆసుపత్రికి వెళ్లవలెను, లేదా ఊరిలోని ఆర్‌ఎంపీని ఆశ్రయించవలెను. ఆర్‌ఎంపీ వైపు మొగ్గును అజ్ఞానంగా భావింపరాదు. వేళ, దూరం, అప్పు సౌకర్యం దీనికి కారణాలా అని అడిగి తెలుసుకొనవలెను.

విస్తరణ కర్తవ్యాలు
• రైతు శిక్షణలలో రబ్బరు బూట్లు, చేతితొడుగులు, రసాయనాల వాడకం, ప్రథమ చికిత్సలను చేర్చవలెను.
• జ్వరం వచ్చినప్పుడు ‘చెరువులో పనిచేస్తాను’ అని వైద్యునికి తప్పక చెప్పునట్లు బోధించవలెను.
• ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద గల సామూహిక ప్రమాద బీమాను వివరించవలెను. ప్రమాదంలో మరణానికి లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి రూ. 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ. 2.5 లక్షలు ఇందులో లభిస్తాయి.
• అధ్యయన ఫలితాలను మత్స్యశాఖతో పాటు స్థానిక వైద్యాధికారికి కూడా అందజేయవలెను.

ముగింపు
చెరువు ఉత్పాదకత అందులో దిగే మనిషి ఆరోగ్యంపై ఆధారపడి ఉన్నది. సేవలు ఉన్నవా అన్న ప్రశ్నతో ఆగక, అవి గట్టుమీది కాపలాదారునికి సకాలంలో అందుచున్నవా అని అడిగినప్పుడే అభిప్రాయ సేకరణ విధాన నిర్ణయాలకు ఉపకరిస్తుంది.