అగ్నిపర్వతముల యాకృతిని గొలుచు విధము

దూరమునుండి చూచునప్పుడు అగ్నిపర్వతములన్నియు నించుమించుగ నొక్క రూపముననే యున్నట్లు తోఁచును. కాని కన్ను మోసపోవచ్చును. కావున మనము కొలిచి తెలిసికొందము.

సమోన్నత రేఖలుగల పటమును గళ్ల కాగితముపై నెక్కించి, ఒక్కొక్క రేఖలోపల నెన్ని గళ్లున్నవో లెక్కింపవలెను. దానివలన నే యెత్తున నెంత వైశాల్యము గలదో తెలియును.

పర్వతము సరియైన శంకువైనచో, సగమెత్తున వైశాల్యము పాదవైశాల్యములో నాలుగవవంతుండును. ఏలయన, అచ్చట వ్యాసము సగమగును, వైశాల్యము వ్యాసముయొక్క వర్గము ననుసరించును. అంతకు దక్కువయైనచో ప్రక్కలు లోనికి వంగినవనియు, ఎక్కువయైనచో గుమ్మటమువలె వెలికి నుబ్బినవనియు గ్రహింపవలెను. జపానునందలి ఫ్యూజి (3,776 మీటర్లు) మొదటి తెగకుఁ జేరినది. దాని వాలు పాదమున స్వల్పము, శిఖరమును సమీపించుకొలఁది నధికము.

అయినను పొట్టి శంకువునకును, నిడుపు శంకువునకును ఈ నాలుగవవంతు సమానమే. కావున ఎత్తును పాదవ్యాసముతోఁ గూడఁ బోల్చవలెను. హవాయియందలి మౌనాలోవా 4,169 మీటర్ల యెత్తుగలదయ్యును, పలుచని లావా బహుదూరము ప్రవహించుటచే బోర్లించిన డాలువలె విశాలముగ నున్నది.

ఈ యాకృతి శాశ్వతము గాదు. అమెరికాయందలి సెయింట్ హెలెన్స్ పర్వతము 1980 మే 18వ తేదిని ప్రేలి, 2,950 మీటర్లనుండి 2,549 మీటర్లకుఁ దగ్గెను. 57 మంది మరణించిరి. అంతకుముందు కొన్ని వారములు దాని యుత్తర పార్శ్వము దినమునకు సుమారు 2 మీటర్లు ఉబ్బుచుండెనని కొలతలే తెలిపినవి.

బాలబాలికలారా! గళ్లు లెక్కించుట వట్టి యాటయని తలంపరాదు. నేఁటి రూపమును సరిగాఁ గొలిచియుంచినఁగాని రేపటి మార్పును గుర్తింపఁజాలము.