కమాను వంగాలి

అరకు, పాడేరు, ముంచంగిపుట్టు దారుల్లో పాత జీపును ముచ్చటకు దాచుకునే వస్తువుగా మేమెవ్వరం చూడలేదు. బస్సు రాని ఊళ్ళకు అదే బస్సు, సంత రోజున అదే లారీ. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన సీజే-3బీ నమూనాను మహీంద్రా వాళ్ళు మన దేశంలో దశాబ్దాలపాటు తయారుచేశారు. ఆ ఎత్తు బానెట్ బండి ఒకటి నా చేతిలోనే ముసలిదైంది. దాని ముందు కమాన్లు, అంటే పట్టీల స్ప్రింగులు, ఎప్పుడూ ఇంటి ముందరే విప్పి బిగించాను. ఇప్పుడు అలాంటి బళ్ళు కొని బాగుచేసుకుంటామని కుర్రాళ్ళు వచ్చి అడుగుతున్నారు. వాళ్ళకు చెప్పేవే ఇవి.

1. జాకీని నమ్మినా నేలను నమ్మకు.
వానాకాలంలో మన ఎర్రమట్టి మీద జాకీ పెడితే అది బండిని లేపదు, తానే దిగిపోతుంది. కింద వెడల్పాటి చెక్క దిమ్మ ఉండాలి. స్టాండ్లు యాక్సిల్ కింద కాదు, ఛాసిస్ కింద పెట్టాలి. అప్పుడే కమాన్లు బరువు లేకుండా వేలాడతాయి. ఇంకో మాట. ఈ జీపు హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాల్ని కాదు, ప్రొపెల్లర్ షాఫ్టును. జాయింట్లలో ఉన్న లూజు మేరకు బండి కదులుతుంది. వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టాకే కిందికి దూరు.

2. అన్ని మరలూ ఒకే వైపు తిరగవు.
కమాను కొసను ఛాసిస్‌కు కలిపేది షాకిల్. ఈ బండి షాకిళ్ళు మరతో బిగుసుకునేవి. ఎనిమిది బుష్షుల్లో ఆరు కుడి మరవి, రెండు ఎడమ మరవి. బుష్షు తల చుట్టూ గాడి ఉన్నా, షాకిల్ కాడ మీద చిన్న బొడిపె ఉన్నా అది ఎడమ మర. గ్రీజు, మట్టి గట్టిపడి ఆ గుర్తులు కనబడవు. ముందు కిరోసిన్‌తో కడిగి, తుడిచి, అప్పుడు పానా పట్టాలి. నేను పైపు తొడిగి బలంకొద్దీ తిప్పి, మంచి షాకిల్ మరలు తినేశాను. దానికోసం గాజువాక ఆటోనగర్‌లో దుకాణం దుకాణం తిరగాల్సి వచ్చింది.

3. కమాను వంగడానికే పుట్టింది.
ఇది నేను చాలా ఆలస్యంగా ఒప్పుకున్న సంగతి. ఆ రోజుల్లో జీపులో లోపల ఎంతమందో, బయట వేలాడేవాళ్ళూ అంతమంది; పైన కాఫీ గింజల బస్తాలు, పసుపు మూటలు. ముందు కమాన్లు చదునైపోతే, వంపు తెప్పిద్దామని మెయిన్ పట్టీని కొలిమిలో కాల్చి కొట్టించాను. కొడవళ్ళు, నాగలి కర్రులు ఎంతో బాగా చేసే కమ్మరి ఆయన. తప్పు ఆయనది కాదు, అడిగిన నాది. కమాను ఉక్కును కాలిస్తే దాని పదును పోతుంది. దాన్ని మళ్ళీ నూనెలో చల్లార్చి, తగినంత వేడిలో పదును తేవాలి. అదేదీ లేకుండా బిగిస్తే కొద్ది రోజులకే మళ్ళీ పడుకుంది.

అప్పుడు ఇంకా పెద్ద తెలివి ఉపయోగించాను. పక్కకు రెండేసి పట్టీలు అదనంగా వేశాను. బండి నిటారుగా నిలబడింది, నాకూ గర్వంగానే ఉంది. కానీ కమాను మింగాల్సిన దెబ్బంతా ఛాసిస్‌కు పోవడం మొదలైంది. అనంతగిరి ఘాట్‌లో ఖాళీగా దిగుతుంటే గుంత తగిలిన ప్రతిసారీ ముందు చక్రం రోడ్డు వదిలేది. రోడ్డును వదిలిన చక్రం స్టీరింగ్ మాట ఏం వింటుంది? నా దగ్గరున్న క్లీనర్ కుర్రాడు మలుపుల్లో రెండుసార్లు “గురువుగారూ, బండి గెంతుతోంది” అన్నాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడివి నాకు చెబుతావా అని కసిరాను. మళ్ళీ వాడు నోరెత్తలేదు. కమాను బ్రాకెట్ రివెట్ల దగ్గర ఛాసిస్ చీలి కనబడ్డ రోజున కూడా నాకంటే ముందు చూసింది వాడే, చెప్పకుండా ఊరుకున్నాడు. ఆ చీలిక వెల్డింగ్‌తో పోయింది. వాడి భయం మాత్రం పోలేదు.

4. వణికేది స్టీరింగ్, జబ్బు కింద ఉంటుంది.
వేగం అందుకోగానే చక్రాలు తైతక్కలాడితే అందరూ టై రాడ్ మీద పడతారు. నేనూ అంతే. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. చక్రం బేరింగులు సరిగ్గా ఉండి కూడా ఊగితే కింగ్ పిన్ బేరింగుల దగ్గర షిమ్ములు తీసి బిగువు సరిచెయ్యాలి. ఆ తరవాతే టై రాడ్ కొసలు. అన్నిటికంటే ఆఖర్న టో-ఇన్: చక్రాల ముందు అంచుల మధ్య దూరం వెనక అంచుల కంటే ఒకటి నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు తక్కువ ఉండాలి. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చెయ్యాలి.

5. బిగించానన్న మాట మొదటి రోజు అనకు.
యూ బోల్టులు కొత్తవే వెయ్యి, పాతవి సాగి ఉంటాయి. బండి చక్రాల మీద నిలిచాక, ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించు. పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి సుంకరమెట్ట దాకా వెళ్ళొచ్చి మళ్ళీ పానా పట్టు. అవి వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడి దాని తల తెగుతుంది, యాక్సిల్ పక్కకు జరుగుతుంది, బండి ఒక వైపుకే లాగుతుంది. లోయ ఏ వైపున్నదీ అప్పుడు చూసుకునే తీరిక ఉండదు.